చూరు కింది చుక్కలు

ఇవాళ మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో ఫోను టింగుమంది. నాతో కలిసి పనిచేసిన లెక్కల టీచరమ్మ, ఆవిడా నాలాగే రిటైరై మోకాళ్లకు నూనె రాసుకుంటూ కాలక్షేపం చేస్తోంది లెండి, ఒక ఫొటో పంపింది. మేమిద్దరం ఏళ్ల తరబడి చాక్‌పీసు పొడి మింగిన ఊరి హైస్కూలు అది, శంషాబాద్ దాటి కాస్త లోపలికి పోతే వస్తుంది. పాత పెంకుల వరండా గోడ, వానలకు నాచుపట్టి నల్లబడిపోయింది, దాని మీద ఎర్రరంగుతో ఇంత పెద్ద ఇంటూ గుర్తు. కొత్త బిల్డింగు వచ్చిందట, పాతది కూలగొడతారట, ఎన్నాళ్లకు మన పిల్లలకు మంచిరోజులొచ్చాయో చూశావా అని కింద రాసింది. మంచిదే, కాదని ఎవరంటారు, ఆ పెంకుల సందుల్లోంచి తేళ్లు రాలిన రోజులు నాకు మాత్రం తెలియవా? కానీ ఆ మాటే రాసి పంపుదామంటే వేలు కదలలేదు. లేచి కూర్చుని మంచినీళ్లు తాగాను.

ఎందుకంటే ఆ గుర్తును నేనిదివరకు రెండు తలుపుల మీద చూశాను. ఒకటి మా వదినె ఇంటి తలుపు. రెండోది మా ఇంటి తలుపే, దాని మీద వేలాడదీసింది కూడా నేనే. ఈ సంగతి మా పిల్లలకు చెబితే నవ్వుతారు, అమ్మకు చాదస్తం ముదిరిందంటారు. మీరైతే నా ఈడువాళ్లు, చూరు తగలకుండా తల వంచి ఇంట్లోకి పోయినవాళ్లు, మీరు కొట్టిపారేయరని నా నమ్మకం.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్త రోజులవి. పిల్లలు హాస్టళ్లలో చదువుకుంటుంటే మేమిద్దరం మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, నేను ఆ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరును. పొద్దున్నే ఆరాంఘర్ చౌరస్తా దాకా ఆటోలో ఇరుక్కుని, అక్కణ్నుంచి బస్సులో వేలాడి, బడి చేరేసరికి కట్టిన చీర మడతలన్నీ పోయేవి. పాఠం మధ్యలో విమానం దిగుతుంటే వరండా పెంకులు గడగడలాడేవి, పిల్లలు కిటికీ వైపు మెడలు సాచేవాళ్లు, నేనూ చాక్‌పీసు గాలిలో పట్టుకుని ఆ చప్పుడు పోయేదాకా నిలబడేదాన్ని. ఎవరి పొలం మీద దిగిందో అని పిల్లల్లో ఒకళ్లు తప్పకుండా అనేవాళ్లు, ఇంకొకళ్లు మా తాతది అనేవాళ్లు. మొదట్లో నవ్వేదాన్ని, తరవాత తరవాత నవ్వు రాలేదు.

పదో తరగతికి వంశపారంపర్యం పాఠం చెప్పేటప్పుడు నాకు ఒళ్లు మండేది. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవారు అని ఇద్దరు మగవాళ్ల పేర్లు, పిల్లలు అవి బట్టీపట్టి ఒక మార్కు కొట్టేసేవాళ్లు. ఆ పేర్లు నేనిక్కడ రాయను, వాటికేం తక్కువ, లోకమంతా అచ్చయ్యాయి. ఇద్దరూ తెలివిగలవాళ్లే, రేకు ముక్కలూ కడ్డీలూ బిగించి మెలితిరిగిన నిచ్చెనలాంటి బొమ్మ కట్టినవాళ్లే. కానీ అంతకుముందే లండన్‌లో ఒకామె, జిగురులా సాగే ఆ పదార్థాన్ని వెంట్రుకకన్నా సన్నని దారంగా లాగి, దాని మీదికి ఎక్స్‌రేలు పంపి, గంటలకు గంటలు కాచుకుని ఫొటోలు తీసింది. దారం పొడిగా ఉన్నన్నాళ్లు మచ్చలు కలగాపులగంగా పడేవట. దానికి బాగా తేమ పట్టించాక ఒక ఫొటో తేటగా వచ్చింది. నల్లటి మచ్చలు వరసగా పేర్చినట్టు, నడిమధ్యన ఒకదాన్నొకటి కోసుకుంటూ ఇంటూ గుర్తు.

ఆ ఫొటోలో కనిపించేది ఆ వస్తువు కాదండీ. వస్తువుకు తగిలి చెదిరిన కిరణాలు ఫిల్ము మీద పడ్డ చోట మిగిలిన మచ్చలు, అంతే. ఆ మచ్చల వరసనూ ఎడాన్నీ బట్టి, కంటికి ఎన్నటికీ కనబడనిది లోపల ఏ ఆకారంలో ఉందో పోల్చుకోవాలి. ఇంటూ గుర్తు వచ్చిందంటే లోపలున్నది మెలి తిరిగిందన్నమాట. ఆమెతో మాటమాత్రం అనకుండా, ఆమె పక్కన పనిచేసే ఆయన ఆ ఫొటో తీసుకెళ్లి ఆ ఇద్దరిలో ఒకరికి చూపించాడు, చూసినవాడికి దారి దొరికింది. ఆమె నలభై నిండకుండానే క్యాన్సర్‌తో పోయింది. తరవాత కొన్నేళ్లకు పెద్ద బహుమతి వస్తే ముగ్గురు మగవాళ్లు పంచుకున్నారు. ఇదంతా ఒక ట్రెయినింగులో ఒక లెక్చరరు చెబితే విన్నాను, విన్ననాటి నుంచి ఆమె నా సొంత మనిషైపోయింది. ఆమె పేరు కూడా రాయను, ఎందుకంటే మా ఇంట్లో ఆమెకు వేరే పేరుండేది, అది మా వదినె పెట్టింది.

ఆ ఏడు వైజ్ఞానిక ప్రదర్శనకు మా ఆడపిల్లల చేత ఆ ఫొటోనే పెద్ద బొమ్మగా పెట్టించాలని పట్టుపట్టాను. హెడ్మాస్టరు గారు నీళ్ల ఫిల్టరో ఇంకుడు గుంటో పెట్టండమ్మా, ప్రైజొస్తుంది అన్నారు. ప్రైజు ఎవరిక్కావాలి, నాకు ఆమె కావాలి. తలుపంత తెల్ల అట్ట మీద బొగ్గుపొడి, తుమ్మజిగురు కలిపి, గుడ్డ ఉండతో ఒక్కొక్క మచ్చా అద్దాను. జిగురు ఆరకపోతే అంటుకుంటుందని ఆదివారం పొద్దున్నే ఎండ పడేలా మా వీధి తలుపుకే వేలాడదీశాను. సరిగ్గా అప్పుడే మా వదినె వచ్చింది.

వదినె అంటే మా ఆయన పెద్దక్క. తుక్కుగూడ వైపు ఒక ఊళ్లో పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒక ఆడపిల్ల పుట్టి, ఇంకా బోర్లా పడే ఈడులోనే జ్వరమొచ్చి పోయింది. అంత పసిపిల్లల్ని ఊరి బయట పెట్టరు వాళ్ల వైపు, ఇంటి చూరు కిందే గుంట తీసి పెడతారు. ఇంటి మీద కురిసిన వాన చూరు నుంచి జారి పిల్ల మీద పడుతుంటే పిల్ల చల్లగా ఉంటుందనీ, దారి మరవకుండా మళ్లీ ఆ ఇంటికే వస్తుందనీ. మా వదినెకు మళ్లీ కడుపు పండలేదు. భర్త పోయాడు. ఎన్నిసార్లు వచ్చి మాతో ఉండమన్నా వినలేదు, వస్తే ఏ ఇంటికి వస్తది పిల్ల, తలుపు తీసేటోళ్లు ఉండాలె గద, అనేది. ఆమె పిల్లకోసం ఎదురు చూస్తోందని ఊరంతా ఎరుగుదురు, ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

అట్లాంటి మనిషి ఆ ఆదివారం మూట చంకన పెట్టుకుని మా గేటు దగ్గర ఆగిపోయింది. లోపలికి రమ్మంటే రాదు. మా తలుపు వైపే చూస్తోంది, పెదవులు అదురుతున్నాయి. మా ఆయన పరుగెత్తి పోయి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని అక్కడే రోడ్డంచున కూలబడింది.

"గీ ఇంటికి గూడ గీసిండ్రా? ఇగ నేనేడికి పోవాలె తమ్మీ, యేడికి పోవాలె!"

కొత్త రోడ్డు కోసం వాళ్ల వరస ఇళ్లన్నీ పోతున్నాయని, నాలుగు రోజుల కిందటే ఆమె తలుపు మీద ఇంటూ గుర్తు వేసి పోయారని అప్పుడు తెలిసింది మాకు. డబ్బులు ఇస్తారు, వేరే జాగా ఇస్తారు, అవన్నీ ఆమెకు చెప్పారు, ఆమె అవేవీ వినలేదు. పోయే ఇంటి గుర్తు అదని ఆ వైపు పసిపిల్లలకు కూడా ఎరుకే. తమ్ముడి ఇంటికి వస్తే తమ్ముడి తలుపు మీదా అదే గుర్తు. నేను తిట్టుకుంటూ బొమ్మ విప్పి లోపల పడేసి, మంచినీళ్లిచ్చి, అయ్యో వదినె, అది ఇంటి గుర్తు కాదు, ఇల్లు పోదు అని వీపు నిమిరాను. మరి ఏందిది అంది. నా పాడు నోరు ఊరుకుంటుందా, టీచరు నోరు కదా. అది మన ఒంట్లో ఉండేదాని ఫొటో వదినె, నీలోనూ నాలోనూ పుట్టినప్పటి నుంచీ ఉంటుంది, తల్లి నుంచి బిడ్డకు పోతుంది అన్నాను.

ఆమె ఏడుపు ఆపేసింది. "అయితే దేవుడు మనిషి లోపల్నే గుర్తు వెట్టి పంపిండా మరదలా?" అంది, ఎంత నెమ్మదిగా అందంటే మా ఆయనకు వినబడనే లేదు. ఎండ చురుక్కుమంటోంది, వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, నేను ఆమె మూట అందుకుని లోపలికి తీసుకుపోయాను.

ఆ రోజు నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది. బొమ్మను గోడకు తిప్పిపెట్టి బడికి పోతే, తిరిగొచ్చేసరికి అది ముందుకు తిరిగి ఉండేది, ఆమె దానికెదురుగా పీట వేసుకుని కూర్చుని ఉండేది. నేను తిప్పలేదనేది. మా ఆయననడిగితే నాకేం పని అనేవాడు. గాలికి తిరిగిందనుకుందామంటే ఆ గదికి కిటికీ లేదు. సరే, ఆమే తిప్పి మరిచిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకునేదాన్ని, ఇప్పటికీ అట్లాగే చెప్పుకుంటున్నాను. ఆ ఫొటో తీసినామె గురించి అడిగేది. పిల్లలున్నారా అంటే లేరన్నాను. ఎట్ల పోయింది అంటే జబ్బుతో అన్నాను. "జూడగూడనిది జూసింది పాపం, ఫొటోలామె," అని పెదవి విరిచింది. మూఢనమ్మకాలు మాట్లాడకు వదినె అని గట్టిగానే కసిరాను. కసిరాను గానీ, ఆ రాత్రి లేచి లైటు వేసి, బొమ్మను మళ్లీ గోడకు తిప్పి వచ్చాకే పడుకున్నాను.

ప్రదర్శన అయిపోయింది. ప్రైజు ఇంకో బడి వాళ్ల ఇంకుడు గుంటకే వచ్చింది, హెడ్మాస్టరు గారు నేను చెప్పలేదా అన్నట్టు చూశారు, నేను చూడనట్టు ఊరుకున్నాను. మా ఆడపిల్లలు మాత్రం వచ్చినవాళ్లందరికీ ఆమె కథ ఎంత పౌరుషంగా చెప్పారంటే, విన్న పెద్దమనుషులు ఆమె పేరు అడిగి మరీ రాసుకుపోయారు. ఆ సాయంత్రం బొమ్మ చుట్టి ఇంటికి తెచ్చాక మా వదినె నా పక్కన చేరి, ఎన్ని రోజులుగా దాచుకుందో, అసలు మాట అడిగింది. బొక్కల్లో కూడా ఉంటుందా అది, మట్టిలో కలిసినంక కూడా ఉంటుందా అని. ఉండొచ్చు వదినె, ఎముకల్లో చాలా ఏండ్లు ఉంటుందంటారు అన్నాను. ఇగ అంతే. రోడ్డు పడకముందే పిల్లను తీస్కరావాలె అని పట్టు పట్టింది. మా ఆయన, పెట్టినదాన్ని తీయకూడదక్కా, కీడు అన్నాడు. కీడు ఇంకేం మిగిలింది తమ్మీ అంది ఆమె.

తెల్లవారి మొదటి బస్సుకే బయలుదేరాం ముగ్గురం, గడ్డపార గోనెసంచిలో చుట్టి, ఒక కొత్త ముంత పట్టుకుని. దిగి నడుచుకుంటూ పోతే ఊరి మొదట్లోనే తెలిసిపోయింది, ఆలస్యమైందని. ముందురోజే ఆ వరసంతా నేలమట్టం చేశారు. దూలాలు, పెంకులు, రాళ్లు అన్నీ ఎవరివి వాళ్లు ఎత్తుకుపోగా మిగిలిన మట్టి లారీల్లో పోయింది. నేల ఎంత చదునుగా ఉందంటే అక్కడ మనుషులు కాపురాలు చేశారంటే నమ్మలేం. గోడ లేదు, గడప లేదు, వీధి ఎటు పోయేదో తెలియదు. మసకమసకగా మంచు. మా వదినె ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసి నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఉన్న మనిషి, తన వాకిలి ఎక్కడో పోల్చుకోలేకపోయింది. తన పిల్ల ఎక్కడో పోల్చుకోలేకపోయింది. ఏడవనైనా ఏడవలేదు, అది చూడలేకపోయాను నేను.

బోరింగు ఒక్కటి మాత్రం ఇంకా కూలలేదు. దాని దగ్గర ఎవరో పారేసిన ప్లాస్టిక్ బకెట్టు. మా వదినె పోయి బోరింగు కొట్టి నీళ్లు నింపుకుని, కొంగు నడుముకు దోపుకుని, వంగి చల్లడం మొదలుపెట్టింది. వాళ్ల వైపు తెల్లారగానే ఆడవాళ్లు చేసే మొదటి పని అదే కదా, వాకిట్లో పేడనీళ్లు చల్లి ఊడవడం, సాన్పు అంటారు. తీరికగా, చేతి వాటం మారకుండా, లేని వాకిట్లో సాన్పు చల్లుతోంది. మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అక్కకు మతి పోయిందే అన్నాడు నాతో. నేనూ అట్లాగే అనుకున్నాను. ఆపుదామని ముందుకు పోయాను.

పోయి, ఆగిపోయాను. ఆమె చల్లిన నీళ్లు అన్ని చోట్లా దుమ్ములోకి ఇంకిపోతున్నాయి, ఒక్క చోట మాత్రం నిలబడుతున్నాయి. ఏళ్ల తరబడి పేడనీళ్లు తాగి గట్టిపడ్డ నేల అది. దాని మీద దుమ్ము జారిపోతుంటే, వానాకాలాలన్నీ చూరు నుంచి ధార కట్టి పడి పడి తొలిచిన చిన్న చిన్న గుంటలు తేలుతున్నాయి, ఒక్కో పెంకు కింద ఒక్కో గుంట, గురిగింజలు పేర్చినట్టు వరసగా. ప్రతి గుంటలోనూ కాసిన్ని నీళ్లు, ఆ నీళ్లలో తెల్లారే వెలుతురు. ఇల్లు లేదు, ఇంటి చూరు మాత్రం నేల మీద ఉంది. ఆమె ఇంకో బకెట్టు చల్లింది. ఎప్పుడో తీసేసిన పశువుల కొట్టం చూరుదట, ఏటవాలుగా ఇంకో వరస తేలి వచ్చింది, వచ్చి మొదటి వరసను అడ్డంగా కోసుకుంటూ పోయింది.

నేను బొగ్గుతో ఒక్కొక్క మచ్చే అద్దిన బొమ్మ, ఎక్కడో లండన్‌లో ఒకామె ఒక తడి దారం నుంచి తీసిన ఫొటో, ఇక్కడ ఈ మట్టిలో నీళ్లతో మెరుస్తోంది. నేనేమీ అతిశయం చెప్పడం లేదు. మా ఆయన కూడా చూశాడు, చూసి చెప్పులు విడిచాడు. మా వదినె మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు, ఆ రెండు వరసలు కోసుకున్న చోటికి పోయి బాసింపట్టు వేసుకుని కూర్చుని, అరచెయ్యి నేలకానించి, "గీన్నే ఉన్నది," అంది.

మా ఆయన పైపైన గడ్డపార వేశాడు, తరవాత ఆమె చేతులతో తీసింది. చాలాసేపు మట్టే. బొక్కలు లేవు, చిన్నప్రాణం కదా, నేల ఎప్పుడో కలిపేసుకుంది. మట్టి అక్కడ కాస్త నల్లగా, మెత్తగా ఉంది. ఇక చాలక్కా అని మా ఆయన అంటుండగా ఆమె వేళ్లు ఆగాయి. పూసలు. దిష్టి తగలకుండా పసిపిల్లల చేతికి కడతామే, నల్లపూస, తెల్లపూస, నల్లపూస, తెల్లపూస, అవి. కట్టిన దారం లేదు, కట్టించుకున్న చెయ్యి లేదు. పూసలు మాత్రం ఒకదాని పక్కన ఒకటి వరస తప్పకుండా, ఒక చిన్న మణికట్టు చుట్టూ ఉన్నంత గుండ్రంగా, అట్లాగే ఉన్నాయి. లోపల ఖాళీ. ఆ ఖాళీలోకి మేం ముగ్గురం వంగి చూస్తూ ఉండిపోయాం. పైనుంచి విమానం పోయింది, గుంటల్లో నీళ్లు వణికాయి.

పూసలనూ, ఆ నల్ల మట్టినీ దోసిళ్లతో కొత్త ముంతలో పోసుకుని, పైన గుడ్డ కట్టి ఇంటికి తెచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టింది. ఇంటికొచ్చాక నన్ను పిలిచి, నువ్వు చదివినదానివి, నువ్వే జెప్పు, ఇందుల నా బిడ్డ ఉన్నదా లేదా అని అడిగింది. జీవితంలో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అట్లాంటి ప్రశ్న అడగలేదు. ఉంటే ఉండొచ్చు వదినె, కంటికి కనబడదు, నాకు తెలియదు అన్నాను. తెలియదని చెప్పడమే న్యాయం అనిపించింది. ఆమె ముంత మీద చెయ్యి వేసి, నన్నే ఊరడిస్తున్నట్టు నవ్వింది. "కండ్లకు గనవడకుంటే ఏంది, ఫొటోలామెకు మాత్రం గనవడ్డదా?" అంది.

ఇక ముంత ఎక్కడ పెట్టాలి? చూరు కిందే పెట్టాలి, వాన పడాలి. మా కిరాయి ఇల్లు స్లాబు, చుట్టూ సిమెంటు. మా వీధంతా స్లాబులే. ఆమె మైలార్‌దేవ్‌పల్లి గల్లీ గల్లీ తిరిగింది, శంషాబాద్‌లో ఎరిగినవాళ్ల ఇళ్లన్నీ చూసొచ్చింది, ఎక్కడో ఒక పెంకుటిల్లు కనబడితే అది కూడా పడగొట్టి కడతారట. చూరున్న ఇల్లు కరువైపోయిందే మరదలా అని తన కాళ్లు తనే పిసుక్కుంటూ కూర్చునేది. అప్పుడు నాకు మా బడి వరండా గుర్తొచ్చింది. చెబితే ఆమె ముఖం వెలిగింది, పిల్లలు ఆడుకునే జాగా గద, మంచిదే, ఒక్కతే ఉండి ఉండి అలవాటైంది దానికి, జర తోడుంటది అంది. సెలవురోజు, మొదటి వాన పడే ముందు, మబ్బు పట్టిన పూట పోయి, పూసలను కొత్తదారానికి ఎక్కించి ముంతలో పెట్టి, చివరి స్తంభం పక్కన చూరు కింద గుంట తీసి పెట్టి వచ్చాం. ఎవరికీ చెప్పలేదు. జీవశాస్త్రం టీచరు చేసే పనేనా ఇది అని మీరంటే అనండి, నేను బాధపడను.

ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఆ తరవాత నేను రిటైరయ్యేదాకా చూశాను, పిల్లలు వరండా అంచున ఎంత జోరుగా పరుగెత్తుకుంటూ వచ్చినా ఆ స్తంభం దగ్గరికి రాగానే పక్కకు ఒంపు తిరిగి పోయేవాళ్లు. అక్కడ రాయి లేదు, ముల్లు లేదు. వానాకాలం నీళ్లు నిలుస్తాయి కనుక అనుకున్నాను, ఎండాకాలంలోనూ అంతే. కొత్తగా చేరిన పిల్లలూ అంతే. ఒకసారి ఉండబట్టలేక ఆరో తరగతి పిల్లనొకదాన్ని ఎందుకమ్మా అట్లా పోతున్నావు అని అడిగాను. ఆ పిల్ల ఆలోచించి, ఏమో టీచర్, అడ్డం ఉన్నట్టనిపిస్తది అంది. తరవాత ఎవర్నీ అడగలేదు.

మా వదినె రాష్ట్రం వచ్చిన ఏడు, వానల్లో పోయింది. దవాఖానలో చివరి రోజుల్లో వాన చప్పుడు వినబడితే కళ్లు తెరిచి, పడుతున్నదా అని అడిగేది. పడుతోంది వదినె అంటే మళ్లీ మూసుకునేది. నా చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట తీసుకుంది. "గా చూరు ఉన్నన్ని దినాలు నాకు రంది లేదు. పోతదని తెలిస్తే మాత్రం, గుర్తు వెట్టిన నాడే పోయి పిల్లను తీస్కపో. నా లెక్క ఆలస్యం జెయ్యకు," అంది. సరే అన్నాను. అప్పుడు ఆ వరండా ఎన్నటికైనా పోతుందని నాకు తోచనేలేదు, సర్కారు బడి కదా, నా తరవాత ఇంకో రెండు తరాలు ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు ఫోనులో ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తున్నాను. గుర్తుకు పక్కనే చివరి స్తంభం, దాని కింద నేల కనిపిస్తోంది. మా పిల్లలు కొనుక్కున్న అపార్టుమెంటులో ఆరో అంతస్తులో ఉంటున్నాం మేము, ఇక్కడ వాన పడితే చప్పుడు కూడా వినబడదు, అద్దం మీద గీతలుగా జారిపోతుంది, ఎవరి మీద పడుతుందో తెలియదు. ఇళ్లు పెద్దవయ్యాయి, గట్టివయ్యాయి, తేళ్లు రాలవు. పోయినవాళ్లు తిరిగి రావడానికి ఒక చోటు మాత్రం ఏ ఇంజనీరూ గీయడం లేదు. మా ఆయన గడ్డపార వెతికి బయట పెట్టాడు, నేను చెప్పకుండానే. రేపు తెల్లవారగానే పోతున్నాం, ఒక చెంబు, ఒక ముంత తీసుకుని. తీయడం మా చేతిలో పని. తెచ్చి ఎక్కడ పెట్టాలన్నదే తెలియడం లేదు. మీ ఎరుకలో ఎక్కడైనా, ఏ ఊళ్లోనైనా సరే, పెంకుటిల్లు గానీ, వాన జారే చూరు గానీ మిగిలి ఉంటే జర చెప్పండి, చిన్నపిల్ల, ఎక్కువ జాగా పట్టదు.